ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కి వీడ్కోలు ఎవరూ చెప్పలేదు

2024 నవంబర్ రెండో వారంలో నా ఫోన్ తెరిస్తే అంతా విస్తారా ఊదారంగే. నవంబర్ 11 రాత్రితో విస్తారా విమానాలు ఆగిపోయాయి, మర్నాటి నుంచి అవన్నీ ఎయిర్ ఇండియా పేరుతో ఎగిరాయి. ఆఖరి బోర్డింగ్ పాసులు, క్యాబిన్ సిబ్బందితో దిగిన ఫోటోలు, సీటు జేబులోంచి తెచ్చుకున్న కార్డులు, కళ్లు తుడుచుకుంటూ అనౌన్స్‌మెంట్ చదివిన వీడియోలు. 2015 జనవరిలో మొదలై, పదేళ్లు కూడా నిండని సంస్థ అది. మంచి సంస్థే, నేనూ ఇష్టంగా ఎక్కాను. అభిమానించినవాళ్ల బాధ నిజమైనదే.

కానీ ఆ పోస్టులు ఒకటొకటిగా చదువుతుంటే నా మనసు విస్తారా దగ్గర నిలవలేదు. 2011 ఫిబ్రవరి 26 దగ్గరికి పోయింది. ఆ రాత్రి దాటాక దేశంలోపల విమానాలు నడిపిన ప్రభుత్వ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం ‘ఐసీ’ అనే కోడ్‌తో ఇంక లేవలేదు. 1953 ఆగస్టు 1న మొదలైన సర్వీసులు అవి. చట్టప్రకారం ఎయిర్ ఇండియాతో విలీనం 2007 ఆగస్టులోనే అయిపోయింది, పేరు కాగితాల మీద అప్పుడే పోయింది. మిగిలిన రెండక్షరాలూ మూడున్నరేళ్లకి పోయాయి. ఆ రోజు ఇంత సందడి లేదు, ఇన్ని కన్నీళ్లూ లేవు.

అప్పట్లో అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు లేవు కదా, పోస్టులెలా వస్తాయి అని మీరు అనవచ్చు. అది ఒక కారణమే. అసలు కారణం వేరే ఉందని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ చరిత్రకి వారసుడు లేకుండా పోయాడు. విలీనం చేసుకున్న సంస్థ దాని విమానాలని తీసుకుంది, రూట్లు తీసుకుంది, మనుషుల్ని తీసుకుంది, చివరికి దాని ఆఫీసులోనే కూర్చుంది. దాని కథని మాత్రం తీసుకోలేదు. ఇది పొరపాటని, ఇప్పటికీ సరిచేసుకోవచ్చని, సరిచేసుకోవడానికి ఇంక ఎక్కువ వ్యవధి లేదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఎనిమిది చక్రాలు

మా మామయ్య బేగంపేటలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఇంజినీరింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు సెలవులకి వాళ్లింటికి వెళ్తే విమానం నెత్తిమీదుగా పోయినప్పుడల్లా మాటలు ఆగిపోయేవి, అది వెళ్లాక మళ్లీ అందుకునేవాళ్లం. చప్పుడు వినే ఆయన ఇది బోయింగు, ఇది ఎయిర్‌బస్సు అని చెప్పేసేవారు. పాత 737 గోల వేరు. అది లేచాక కిటికీ అద్దాలు కాసేపు గిలగిల్లాడుతూనే ఉండేవి.

నిరుడు ఆయనతో కలిసి ఢిల్లీ వెళ్లాల్సి వచ్చింది. శంషాబాద్‌లో డిపార్చర్స్ బోర్డు ముందు ఆయన టక్కున ఆగిపోయారు. బోర్డు మీద ఒక ఐసీ నంబరు ఉంది. “ఏరా, ఇదేంటి?” అన్నారు, బోర్డు మీంచి చూపు తిప్పకుండా. గోవా కేంద్రంగా ఫ్లై91 అని ఒక చిన్న సంస్థ వచ్చింది, ఖాళీగా ఉన్న ఐసీ కోడ్ దానికి దక్కింది, చిన్న ఏటీఆర్ విమానాలు నడుపుతారు అని చెప్పాను. “మంచిదే. చిన్న ఊళ్లకి తిప్పుతున్నారా?” అని అడిగారు. అవునన్నాను. తలూపి ముందుకి నడిచారు.

గేటు దగ్గర అద్దంలోంచి మా విమానం తోకవైపు చూసి, రిజిస్ట్రేషన్ అక్షరాలు కూడబలుక్కుని, “వీటీ-పీపీ. ఇది మాదిరా” అన్నారు. ఎయిర్ ఇండియా కొత్త రంగులేసుకున్నా, పాత రంగులతోనే ఉన్నా ఆయనకి లెక్కలేదు. వీటీ-పీపీ వరసలో ఉన్న ఎయిర్‌బస్ 321లు, వీటీ-ఎస్‌సీ వరసలో ఉన్న 319లు ఇండియన్ ఎయిర్‌లైన్స్ 2006లో ఆర్డరిచ్చిన 43 విమానాల్లోవి. వాటిలో చాలావాటి తొలిప్రయాణం నాటికే విలీనం జరిగిపోయింది. అంటే ఆ సంస్థ తనకోసం కొనుక్కున్నవి, తాను అనుభవించకుండానే పోయింది.

ఆ ప్రయాణంలో ఆయన నాకు చెప్పిన సంగతి ఒకటి మీరూ వినాలి. ఎయిర్‌బస్ 320 ఏ దేశంలో చూసినా రెక్కల కింద ఉండే ఒక్కో కాలికి రెండే చక్రాలు ఉంటాయి. 1989లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ తెప్పించుకున్న 320లకి మాత్రం ఒక్కో కాలికి నాలుగు, రెండు కాళ్లకీ కలిపి ఎనిమిది. మన రన్‌వేలు అప్పట్లో చాలాచోట్ల అంత గట్టివి కావు. విమానం బరువంతా నాలుగు చక్రాల మీద పడితే కొన్ని ఊళ్లలో దింపడం కష్టం. ఆ బరువుని పంచడానికి ప్రత్యేకంగా అడిగి చేయించుకున్న ఏర్పాటది. ఇంకే సంస్థా అలా తెప్పించుకోలేదు. దానివల్ల విమానం బరువు పెరుగుతుంది, బ్రేకులు నాలుగుకి బదులు ఎనిమిది, టైర్లు ఎనిమిది, చెకింగ్ రెట్టింపు. మామయ్య ఆ చాకిరీ గురించి విసుక్కుంటూ చెప్పలేదు. ఎండలో బేగంపేట ఏప్రన్ మీద, అంటే విమానాలు నిలిపే చోట, మోకాళ్ల మీద కూర్చుని, లోపలి వరస బ్రేకుల అరుగుదల చూడాలంటే తల ఎంత వంచాలో చేతులతో చూపించారు. పక్క సీటాయన కూడా ఇయర్‌ఫోన్స్ తీసేసి విన్నాడు.

ఇంధనం ఖర్చు లెక్కేసే ఈ రోజుల్లో ఎవరూ అలాంటి విమానం కొనరు. అది వ్యాపారపరంగా తెలివైన నిర్ణయమని నేను వాదించను. కానీ ఆ ఎనిమిది చక్రాల్లో ఆ సంస్థ స్వభావమంతా ఉంది. విమానానికి సరిపోయే ఊళ్లని వెతుక్కోకుండా, ఊళ్లకి సరిపోయేలా విమానాన్ని మార్చుకుంది. లేహ్, ఇంఫాల్, అగర్తలా, సిల్చార్, పోర్ట్ బ్లెయిర్. వీటికి ఎందుకు వెళ్తున్నావని అడిగితే లాభం చూపించలేదు. వెళ్లాలి కాబట్టి వెళ్లింది.

1932 ఎవరిది?

ఎయిర్ ఇండియా తన పుట్టుకని 1932 అక్టోబర్ 15 నుంచి లెక్కపెడుతుంది. జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి ఉత్తరాల సంచులతో విమానం తెచ్చిన రోజు. 2021లో ప్రభుత్వం సంస్థని టాటాలకి అమ్మినప్పుడు, 2022 జనవరి 27న అప్పగించినప్పుడు దేశమంతా ‘ఇంటికి తిరిగొచ్చింది’ అనుకుంది. నేనూ సంతోషించాను.

అయితే వంశవృక్షాన్ని కాస్త నిదానంగా చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. టాటా ఎయిర్‌లైన్స్ 1946లో ఎయిర్ ఇండియా లిమిటెడ్ అయింది. విదేశాలకి నడపడానికి 1948లో ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ అని వేరే కంపెనీ పెట్టారు, ఆ జూన్‌లో బొంబాయి నుంచి లండన్‌కి తొలి విమానం వెళ్లింది. 1953లో జాతీయం చేసినప్పుడు విదేశీ సర్వీసుల కార్పొరేషన్‌గా మారినది ఆ రెండో కంపెనీ. మొదటిది, అంటే 1932 నాటి ఉత్తరాల విమానానికి నేరుగా వారసురాలైన ఎయిర్ ఇండియా లిమిటెడ్, మరో ఏడు దేశీయ సంస్థలతో కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌లో చేరింది.

అంటే కాగితాల లెక్కన 1932 వారసత్వం వెళ్లింది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కి. పేరూ, మహారాజా బొమ్మా, కీర్తీ ఉండిపోయింది రెండోవాళ్ల దగ్గర. ఇది ఆస్తి తగాదా పెట్టడానికి చెప్పడం లేదు. జేఆర్‌డీ రెండు కార్పొరేషన్ల బోర్డుల్లోనూ ఉన్నారు, ఆయనకి రెండూ తనవే. కానీ 1932 నుంచి కథ చెప్పుకునే సంస్థ, మధ్యలో ఆ వారసత్వాన్ని యాభై ఏళ్లకి పైగా మోసినవాళ్లని ఒక అధ్యాయంగా కూడా తలుచుకోకపోతే, చెప్పుకుంటున్న కథే సగం అవుతుంది.

కాళేశ్వరం దగ్గర ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. కలిసేచోట నిజానికి ప్రాణహిత నీళ్లే ఎక్కువ, కానీ అక్కడినుంచి సముద్రం దాకా పేరు గోదావరిదే. 2007లో రెండు ప్రభుత్వ సంస్థలు కలిసినప్పుడు ఎక్కువమంది ప్రయాణికుల్ని మోస్తున్నది ఇండియన్ ఎయిర్‌లైన్స్. పేరు మాత్రం ఎయిర్ ఇండియా. ప్రపంచానికి తెలిసిన పేరు అదే కాబట్టి అది ఉంచుకోవడం సబబే. పేరు విషయంలో నాకు ఫిర్యాదు లేదు.

కలిపారు, కలవలేదు

విలీనం తప్పా ఒప్పా అనే దాని మీద నాకు ఇప్పటికీ ఒక నిశ్చయం లేదు. కాగితం మీద అది తర్కంగానే ఉంది. ఒక సంస్థ విదేశాల నుంచి జనాన్ని ముంబైకో ఢిల్లీకో తెస్తుంది, ఇంకోటి అక్కడినుంచి హైదరాబాద్‌కో విశాఖపట్నానికో చేరుస్తుంది. ఒకే టికెట్టు, ఒకే లగేజి ట్యాగు ఉంటే ఎవరికి చేదు? రెండూ విడివిడిగానే ఉండి ఉంటే ప్రైవేటు పోటీలో ఏదో ఒకటి ఇంకా ముందే మూతపడేదేమో కూడా.

కానీ చేసిన పద్ధతి చూడండి. ఒకరివి ఎక్కువగా బోయింగులు, ఇంకొకరివి ఎక్కువగా ఎయిర్‌బస్సులు. ఒకరి కేంద్రం ముంబై, ఇంకొకరిది ఢిల్లీ. జీతాలు వేరు, ప్రమోషన్ల వరస వేరు, యూనియన్లు వేరు. విలీనానికి ముందే ఇద్దరూ కలిపి 111 విమానాలకి ఆర్డరిచ్చి ఉన్నారు, ఆ అప్పంతా కొత్త సంస్థ నెత్తిన పడింది. 2011లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు జీతాల్లో సమానత్వం కోసం సమ్మె చేశారు. 2012లో పాత ఎయిర్ ఇండియా పైలట్లు, కొత్త బోయింగ్ డ్రీమ్‌లైనర్ విమానాల శిక్షణ అవతలివాళ్లకీ ఇవ్వడం మీద అభ్యంతరంతో దాదాపు రెండు నెలలు విధులకి రాలేదు. ఇద్దర్నీ ఒక వరసలోకి తేవడానికి జస్టిస్ ధర్మాధికారి కమిటీ వేయాల్సి వచ్చింది. అంటే పేర్లు కలిపిన నాలుగేళ్లకి మనుషుల్ని ఎలా కలపాలో ఆలోచించడం మొదలైంది.

2013లో ఎయిర్ ఇండియా తన ప్రధాన కార్యాలయాన్ని ముంబై నారిమన్ పాయింట్ నుంచి ఢిల్లీకి మార్చింది. మార్చింది ఎక్కడికో తెలుసా? గురుద్వారా రకాబ్‌గంజ్ రోడ్డులోని ఎయిర్‌లైన్స్ హౌస్‌కి, అంటే ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఇంటికి. ఆ గోడల మీద ఎవరి ఫోటోలు ఉంచాలి, ఎవరివి తీయాలి అనే ప్రశ్న అప్పుడు ఎవరికైనా వచ్చిందో లేదో.

ఎవరెక్కారు ఆ విమానాలు?

మా ఇంట్లోనే ఈ విషయం మీద నాతో గట్టిగా వాదించే మనిషి ఉంది, మా చెల్లెలు. తన మాట సూటిగా ఉంటుంది. “అన్నయ్యా, నువ్వు బాధపడుతున్నది డబ్బున్నవాళ్ల బస్సు గురించి. మన ఊళ్లో ఆ విమానం ఎంతమంది ఎక్కారు? తలెత్తి చూశారంతే. మామూలు మనుషులు విమానం ఎక్కింది ఎయిర్ డెక్కన్ వచ్చాక, ఇండిగో వచ్చాక. ఆ సర్కారు కంపెనీ ఉన్నన్నాళ్లూ టికెట్టు దొరకడమే గగనం.”

దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. 1953 నుంచి నాలుగు దశాబ్దాలు ఆ సంస్థకి గుత్తాధిపత్యం ఉంది. చట్టప్రకారం ఇంకెవరూ రెగ్యులర్ సర్వీసు నడపడానికి వీల్లేదు. 1994లో ఎయిర్ కార్పొరేషన్స్ చట్టాన్ని రద్దు చేసేదాకా అదే పరిస్థితి. పోటీ లేనిచోట ప్రయాణికుడికి మర్యాద ఎంత దక్కుతుందో అందరికీ తెలుసు. ఆలస్యాలు, వెయిటింగ్ లిస్టులు, వీఐపీ కోసం ఖాళీ చేయించిన సీట్లు గురించి ఆ తరం వాళ్లు ఎవర్ని కదిపినా చెబుతారు. 2003లో ఎయిర్ డెక్కన్ చవక టికెట్లతో వచ్చినప్పుడు ఈ దేశంలో విమానయానం అర్థమే మారింది. అది గొప్ప మార్పు. పాతది అలాగే ఉండిపోవాల్సిందని నేను అనను, అనలేను.

మా చెల్లెలి వాదనలో ఒక్కచోటే నాకు అంగీకారం లేదు. ఎక్కినవాళ్లు మాత్రమే ఒక విమాన సంస్థకి సంబంధించినవాళ్లా? రాత్రిళ్లు ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి బయల్దేరిన టపా విమానాలు అర్ధరాత్రి నాగపూర్‌లో కలుసుకుని, సంచులు మార్చుకుని, తెల్లారేసరికి వెనక్కి చేరేవి. ఇండియన్ ఎయిర్‌లైన్స్ పుట్టకముందే మొదలై, అది కొనసాగించిన సర్వీసు అది. విమానం జన్మలో ఎక్కని రైతు కొడుక్కి ఢిల్లీ నుంచి ఇంటర్వ్యూ లెటర్ మర్నాడే మద్రాసు చేరితే, అందులో ఆ విమానం వాటా ఉంది. మందులు, పేపర్లు, ఎన్నికల సామగ్రి, వరదలొచ్చినప్పుడు మనుషులు. 1990లో కువైట్ యుద్ధమప్పుడు అమ్మాన్ నుంచి లక్షా డెబ్భై వేల మందిని తెచ్చిన ఘనత ఎయిర్ ఇండియాది, న్యాయంగానే. ఆ పనిలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ కూడా చెయ్యి వేసింది. ఆ వచ్చినవాళ్లలో మన కడప, గోదావరి జిల్లాల వాళ్లు ఉన్నారు.

ఇక లోపల పనిచేసినవాళ్ల సంగతి. హైదరాబాద్‌లో బోయిన్‌పల్లి దగ్గర ఇండియన్ ఎయిర్‌లైన్స్ సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్ ఉండేది. సీటీఈ అనేవాళ్లు. దేశం నలుమూలల నుంచి పైలట్లు సిమ్యులేటర్ మీద చెకింగ్‌కి అక్కడికే వచ్చేవాళ్లు. ఈ రోజు ప్రైవేటు సంస్థల్లో సీనియర్ కెప్టెన్లుగా, ఇంజినీర్లుగా ఉన్నవాళ్లలో ఎంతమంది ఆ సంస్థలో పని నేర్చుకున్నారో. మా చెల్లెలు మెచ్చుకునే చవక విమానాలు గాల్లోంచి ఊడిపడలేదు. వాటిని నడపడానికి, బాగుచేయడానికి తెలిసిన మనుషులు ముందే తయారై ఉన్నారు. తయారు చేసింది ఎవరు అన్నప్పుడు ప్రజల డబ్బుతో నడిచిన ఆ సంస్థ పేరు చెప్పాలి. “సరే, అది ఒప్పుకుంటాను” అంది చెల్లెలు. మిగతా దానిమీద మా వాదన నడుస్తూనే ఉంది.

మిగిలినవి ప్రమాదాలే

పేరు పోయిన సంస్థకి జరిగే అన్యాయం ఇంకొకటి ఉంది. దాని మంచి రోజులు మరుగున పడతాయి, దుర్ఘటనలు మాత్రం పాత పేరుతోనే ఉండిపోతాయి.

ఇప్పటి ఇరవయ్యేళ్ల కుర్రాణ్ణి అడిగితే ఐసీ అనగానే ఐసీ 814 అంటాడు, 1999 డిసెంబర్, కాందహార్ హైజాక్. కాస్త చదివినవాడు ఐసీ 605 అంటాడు, 1990 ఫిబ్రవరి 14, బెంగళూరులో కూలి 92 మంది పోయారు. 1988 అక్టోబర్‌లో అహ్మదాబాద్‌లో ఐసీ 113. 1991లో ఇంఫాల్. 1993లో ఔరంగాబాద్. ఇవన్నీ నిజాలు. వీటిని దాచిపెట్టి జ్ఞాపకాలు రాసుకోవడం పోయినవాళ్లకి అపచారం. ఆ ప్రమాదాల విచారణలు, వాటి తర్వాత మారిన పద్ధతులు కూడా ఈ చరిత్రలో భాగమే, పైకి చెప్పుకోవాల్సిన భాగమే.

కానీ అవి ఒక్కటే ఎందుకు మిగలాలి? 1985 నవంబర్‌లో కలకత్తా నుంచి సిల్చార్‌కి ఒక ఫోకర్ ఫ్రెండ్‌షిప్ విమానాన్ని ఇద్దరు ఆడవాళ్లు నడిపారు. కెప్టెన్ సౌదామిని దేశ్‌ముఖ్, పక్కన నివేదితా భసీన్, సిబ్బంది అంతా ఆడవాళ్లే. ఈ రోజు మహిళా పైలట్ల నిష్పత్తిలో మన దేశం ప్రపంచంలో ముందు వరసలో ఉందని గర్వంగా చెప్పుకుంటాం. ఆ విమానం నంబరు ఎంతమందికి తెలుసు? ప్రమాదం జరిగితే నంబరు నిలుస్తుంది. క్షేమంగా దిగితే నిలవదు. నిలబెట్టే బాధ్యత సంస్థది, ఆ సంస్థ లేకపోతే వారసులది.

మరి దక్కన్ ఎయిర్‌వేస్?

ఇక్కడ నాకే ఎదురుప్రశ్న ఉంది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ పేరు మింగేశారని ఇంత బాధపడుతున్నాను, ఆ సంస్థ పుట్టిందే ఎనిమిది సంస్థల పేర్లని మింగి కదా. అందులో ఒకటి మనది. దక్కన్ ఎయిర్‌వేస్. నిజాం ప్రభుత్వానికి పెద్ద వాటా ఉన్న సంస్థ, బేగంపేట నుంచి డకోటా విమానాలు నడిపింది. తర్వాత 1993లో వాయుదూత్‌నీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లోనే కలిపారు. రాజమండ్రి, విజయవాడ లాంటి ఊళ్లకి చిన్న డోర్నియర్ విమానాలు తిప్పిన వాయుదూత్ ఇప్పుడు ఎవరికి గుర్తుంది?

1947లో కమర్షియల్ పైలట్ లైసెన్సు తెచ్చుకున్న ప్రేమ్ మాథుర్‌కి ఆడమనిషని ఏ సంస్థా ఉద్యోగం ఇవ్వలేదు. ఇచ్చింది హైదరాబాద్‌లోని దక్కన్ ఎయిర్‌వేస్. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ పనిలో చేరింది మన బేగంపేటలో. ఈ సంగతి నాకు తెలిసేనాటికి నాకు నలభై ఏళ్లు. హైదరాబాద్‌లో పుట్టి, విమానాల చప్పుడు మధ్య సెలవులు గడిపి, విమానాల్లో పనిచేసే మనిషిని ఇంట్లో పెట్టుకుని కూడా తెలియలేదు. మామయ్యకీ తెలియదు. ఆయన సంస్థ, తనలో కలిసిన సంస్థ గురించి ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

నా వాదనకి ఇది దెబ్బ అవుతుందని మొదట అనుకున్నాను. ఆలోచించే కొద్దీ బలమే అయింది. దక్కన్ ఎయిర్‌వేస్ విషయంలో ఏం జరిగిందో చూశాం కాబట్టి ఇండియన్ ఎయిర్‌లైన్స్ విషయంలో అది మళ్లీ జరగకూడదు. అందులో పనిచేసినవాళ్లలో ఇప్పుడు ఎవరున్నారు అడగడానికి? డకోటాలో రేడియో ఆఫీసరు ఎక్కడ కూర్చునేవాడో, నాగపూర్‌లో ఆగినప్పుడు ఏం తినేవాళ్లో చెప్పగలిగినవాళ్లంతా వెళ్లిపోయారు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాళ్లు మాత్రం ఇంకా మన ఇళ్లలో ఉన్నారు.

ఏం చేయొచ్చు

అసాధ్యమైనవేమీ అడగడం లేదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ తనలో కలిసిపోయిన టీడబ్ల్యూఏ, పీడ్‌మాంట్ లాంటి సంస్థల పాత రంగుల్ని ఒక్కో విమానం మీద వేసి తిప్పుతోంది. డాలస్‌లో ఉండే మనవాళ్లు ఎయిర్‌పోర్టులో వాటిని చూసే ఉంటారు. యునైటెడ్, కాంటినెంటల్ కలిసినప్పుడు పేరు యునైటెడ్‌దే ఉంచారు, తోక మీద భూగోళం బొమ్మ మాత్రం కాంటినెంటల్‌ది. వాళ్లు వ్యాపారం తెలియనివాళ్లు కారు. ఆ పని చేస్తే తమ సిబ్బందికి, పాత ప్రయాణికులకి ఏం అనిపిస్తుందో వాళ్లకి తెలుసు.

ఆ వీటీ-పీపీ విమానాలు రిటైరయ్యేలోపు ఒక్కదానికి పాత నారింజ గీత, తోక మీద ఐఏ గుర్తు వేయమని ఎయిర్ ఇండియాని అడుగుతాను. ఎయిర్ ఇండియా దగ్గరున్న హుస్సేన్, రజా చిత్రాలతో సహా కళాఖండాలన్నిటినీ ప్రభుత్వం నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌కి అప్పగించే ఏర్పాటు చేసింది. చిత్రకారుడు సాల్వడార్ డాలీ ఎయిర్ ఇండియా కోసం చేసిన యాష్‌ట్రేకి ఉన్నపాటి విలువ, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాల్లో ఇచ్చిన ‘స్వాగత్’ పత్రిక పాత సంచికలకి, సీటీఈ పాఠాల నోట్సుకి, ఎనిమిది చక్రాల విమానం మెయింటెనెన్స్ మాన్యువల్‌కి కూడా ఉందని నేను నమ్ముతున్నాను. సంస్థని అమ్మినా ఆ చరిత్ర ప్రజలది. దాచాల్సింది ప్రభుత్వమే.

చోటు కూడా ఉంది. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచాక బేగంపేట పాత టెర్మినల్‌లో మామూలు ప్రయాణికుల రాకపోకలు ఆగిపోయాయి. రెండేళ్లకోసారి వింగ్స్ ఇండియా విమానాల ప్రదర్శన అక్కడే జరుగుతుంది. 2024 జనవరిలో ఎయిర్ ఇండియా తన కొత్త ఎయిర్‌బస్ 350ని అక్కడే ఏప్రన్ మీద పెట్టి జనానికి చూపించింది. దక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలు ఆగిన ఆవరణ అది. ఆ టెర్మినల్‌లో రెండు హాళ్లు చాలు. పౌర విమానయాన మంత్రిగా మన తెలుగువాళ్లే ఇద్దరు ఉన్నారు ఈ పదేళ్లలో, విజయనగరం నుంచి అశోక్ గజపతిరాజు గారు, ఇప్పుడు శ్రీకాకుళం నుంచి రామ్మోహన్ నాయుడు గారు. ఆ కోరిక ఎవరి బల్ల మీద పెట్టాలో వెతుక్కోనక్కర్లేదు.

2032లో ఎయిర్ ఇండియాకి వందేళ్లు. తప్పకుండా ఒక పెద్ద పుస్తకం వస్తుంది, మంచి అట్టతో. అందులో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కి ఒక పేరా ఇస్తారా, వంద పేజీలు ఇస్తారా అన్నది ఇప్పుడు ఎవరు ఏం పోగుచేస్తారు అన్నదాని మీదే ఉంటుంది. 1970లలో చేరినవాళ్లలో చాలామందికి ఇప్పుడు డెబ్భై దాటాయి. మామయ్యతో కూర్చుని ఫోన్‌లో రికార్డు చేయడం మొదలుపెట్టాను. హైదరాబాద్‌లోనో, విశాఖలోనో, మీ ఇంట్లో గ్రౌండ్ స్టాఫ్, లోడర్, బుకింగ్ క్లర్క్, ఎయిర్ హోస్టెస్, రేడియో ఆఫీసర్, క్యాంటీన్ మనిషి, ఎవరున్నా సరే కూర్చోబెట్టి అడగండి. మొదటి జీతం గురించి, రాత్రి డ్యూటీల గురించి, పొగమంచు రోజుల గురించి, టేకాఫ్‌కి ముందు చాక్లెట్లూ దూదీ పెట్టిన ట్రే ఎవరు సర్దేవాళ్లు అనే దాని గురించి. విలీనమయ్యాక మొదటి రోజు డ్యూటీకి వెళ్లినప్పుడు కౌంటర్ దగ్గర ఏం మారింది అని కూడా అడగండి. తేదీలు సరిగ్గా గుర్తులేకపోయినా ఫర్వాలేదు, వాటిని సరిచూసుకోవచ్చు. రాసి పంపితే ఈ బ్లాగులో వరసగా పెడతాను.